మాట వినడం నేర్పిన మూడు రోజులు: విజయనగరం ధ్యాన శిబిరంపై నా సమీక్ష

గడచిన శ్రమదినాలలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో, విజయనగరం పట్టణ శివారున మూడు రోజుల ధ్యాన శిబిరం ఒకటి జరిగింది. దేవునికి విధేయత అన్న ఒక్క అంశం మీదే గురువారం ఉదయం మొదలై శనివారం సాయంత్రం ముగిసిన ఆ శిబిరానికి నేను వెళ్లి వచ్చాను. ఆదివారం ఎవరి సంఘంలో వారు ఆరాధనకు ఉండాలన్న ఉద్దేశంతోనే శనివారంతో ముగిస్తున్నామని నిర్వాహకులు ముందుగానే చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. మనిషికి 1,200 రూపాయల రుసుము, అందులోనే బస, భోజనం, 60 పుటల పాఠ్యపుస్తకం. బయలుదేరే ముందు ఇటువంటి శిబిరాల గురించి ఎవరైనా వివరంగా రాశారేమోనని వెతికాను గాని, ప్రకటనలు తప్ప అనుభవంతో రాసిన మాట ఒక్కటీ నాకు కనబడలేదు. నా తరువాత వెళ్లదలచినవారికి ఆ లోటు ఉండకూడదని ఇది రాస్తున్నాను. నిర్వాహకులు పదిమందికి మించని చిన్న బృందం. మెచ్చుకోలుతోపాటు ఒక బలమైన అభ్యంతరం కూడా రాయబోతున్నాను కనుక వారి పేరు గాని, బోధకుల పేర్లు గాని ఇక్కడ చెప్పడం లేదు.

మాది ఆమదాలవలస దగ్గరి పల్లె. వరి, ఆ తరువాత మినుములు పండించుకునే కుటుంబం. మా తాతగారి కాలం నుంచి బాప్తిస్టు సంఘంలో ఉన్నాము. నేను పదకొండేళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. ఏటా ఉజ్జీవ సభలకు వెళ్తాను, ఉపవాస ప్రార్థనలలో కూర్చుంటాను, విధేయత మీద లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. ఈ శిబిరంలో కొత్తగా ఏదో దొరుకుతుందన్న ఆశ నాకు లేదు; సంఘం తరఫున ఒకరు వెళ్లాలని మా పాస్టరు అయ్యగారు అడిగారు కనుక వెళ్లాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటి విజయనగరంలో దిగేవరకు నా మనసంతా మినుముల ధర మీదే ఉంది.

చోటు పెద్దదేమీ కాదు. మామిడి తోట మధ్య ఒక ప్రార్థన మందిరం, దాని వెనుక మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి చొప్పున రెండు పొడవాటి గదులు, వంటశాల, బావి. మేము 42 మందిమి. బాప్తిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు సంఘాలవారు, ముగ్గురు కతోలికులు ఉన్నారు. చేరగానే ఫోన్లు తీసుకుని, గుడ్డ సంచులలో వేసి, పేర్లు రాసి బీరువాలో పెట్టారు. రాత్రి పది నిమిషాలు ఇంటికి మాట్లాడుకోవడానికి ఇచ్చేవారు. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొడతారు, అక్కడి నుంచి ఆరున్నర వరకు మౌనం. ఉదయం చోడి అంబలి, ఉల్లిపాయ; మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు, ఒకనాడు ఆవ పెట్టిన పనసపొట్టు కూర; రాత్రి ఉపవాసం ఉండదలచినవారు ఉండవచ్చు, తక్కినవారికి ఉప్మా. భోజనం విషయంలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు ఉన్నది స్నానాల గదుల విషయంలో. వచ్చిన స్త్రీలు 19 మంది, వారి వైపు గదులు రెండే. మౌనంగా కూర్చోవలసిన వేళ కొందరు చేతిలో బకెట్టుతో వరుసలో నిలబడి గడపవలసి వచ్చింది. మౌనానికి అంత విలువ ఇచ్చే శిబిరం ఈ సంగతిని ముందుగానే చూసుకొని ఉండవలసింది.

మొదటి పాఠం వేదాంత కళాశాలలో చాలా ఏళ్లు బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక అమ్మగారు చెప్పారు. ఈ శిబిరానికి ప్రాణం ఆవిడే. ఆవిడ విధేయత అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, మన ఇళ్లలో పిల్లల గురించి మనం వాడే మాటను ఎత్తుకున్నారు. ఫలానా పిల్లవాడు మాట వినడు అని మనం అంటే వాడికి చెవుడు అని ఎవరూ అనుకోరు. చెప్పినది చేయడని అందరికీ అర్థమవుతుంది. వినడం, చేయడం అన్న రెండింటినీ మన భాష ఒకే మాటలో కట్టేసింది. హీబ్రూలో కూడా అంతేనని, 'షామా' అన్న క్రియే వినడానికీ, లోబడడానికీ వాడతారని, బైబిలులోని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఇశ్రాయేలు ప్రజలను వినమని పిలిచిన పిలుపు చెవితో ఆగిపోయేది కాదని చెప్పారు. కొత్త నిబంధన గ్రీకులో విధేయతకు వాడిన 'హుపాకువో' అన్న క్రియలో 'కింద' అన్న అర్థమిచ్చే మాట, 'వినడం' అన్న మాట కలిసి ఉన్నాయని, అంటే తగ్గి కూర్చుని వినడమని వివరించారు. లాటిన్ మాటలో కూడా వినడమే దాగి ఉందట. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు అనే క్రైస్తవ సన్యాసి తన మఠవాసులకు రాసిన నియమావళి 'విను' అన్న మాటతోనే మొదలవుతుందని ఆవిడ చెప్పినప్పుడు, మాతో ఉన్న కతోలిక సోదరి ఒకరు అవునన్నట్టు తల ఊపారు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో మొదటి అధ్యాయం ఐదో వచనంలోనూ, చివరి అధ్యాయం ఇరవై ఆరో వచనంలోనూ విశ్వాసానికి విధేయులు కావడం గురించి రాసి, పత్రికంతటినీ ఆ రెండు గట్ల మధ్య ప్రవహింపజేశాడని కూడా చూపించారు. ఆ పత్రికను ఎన్నోసార్లు చదివిన నేను ఆ రెండు గట్లనూ ఎప్పుడూ గమనించలేదు.

తరువాత సౌలు కథ. మొదటి సమూయేలు గ్రంథం పదిహేనో అధ్యాయం మన సంఘాలలో వినని వారుండరు. అమాలేకీయుల మీద యుద్ధానికి పంపినప్పుడు ఏదీ మిగల్చవద్దన్న ఆజ్ఞ స్పష్టంగా ఉన్నా, ఇశ్రాయేలు రాజు సౌలు శత్రురాజైన అగగును ప్రాణంతో ఉంచాడు, గొర్రెలలో ఎడ్లలో మంచివాటిని ఉంచుకున్నాడు, కర్మెలులో తనకొక జయస్తంభం కూడా నిలుపుకున్నాడు. ప్రవక్త సమూయేలు రాగానే దేవుని ఆజ్ఞ నెరవేర్చానని తానే ముందుగా చెప్పుకున్నాడు. అప్పుడు ప్రవక్త, అలాగైతే నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులు ఎక్కడివని అడిగాడు. అవి దేవునికి బలి అర్పించడానికే ఉంచామని రాజు జవాబు. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుట శ్రేష్ఠము" అన్న మాటను మనం గోడల మీద రాసుకుంటాము గాని, దాని ముందున్న గొర్రెల అరుపుల దగ్గర ఆగము. ఆవిడ అక్కడే ఆగారు. సౌలు ఆజ్ఞ మీరినదానికంటే, మీరినదానిలో నుంచే దేవునికి కానుక తీసి పెట్టడం తనను ఎక్కువ భయపెడుతుందని చెప్పి, మా అందరినీ పుస్తకంలో ఆరో పుట తెరవమన్నారు. అందులో పైన ఒక్క వాక్యం: నేను ఇప్పటికే విని ఉండి, చేయకుండా ఉన్నది. కింద పుటంతా ఖాళీ. నలభై నిమిషాలు సమయం ఇచ్చి తోటలోకి పంపారు. రాసినది ఎవరికీ చూపనక్కరలేదు, సాక్ష్యం చెప్పనక్కరలేదు.

శిబిరాన్ని సమీక్షిస్తూ ఇంటి సంగతి రాయవలసిందేనా అని చాలా ఆలోచించాను. అది చెప్పకుండా ఈ పాఠం బాగుందని రాస్తే నా మెచ్చుకోలుకు విలువ లేదనిపించి రాస్తున్నాను. మా నాన్నగారు 2014లో వీలునామా రాయకుండానే కన్నుమూశారు. అమ్మ అంతకు ముందే పోయింది. మిగిలింది మా అప్ప, నేను. మా వైపు అక్కను అప్ప అంటాము. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేని క్రైస్తవ తండ్రి ఆస్తిలో కొడుకుకూ కూతురికీ తేడా లేదు, సమాన వాటాలే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పెళ్లికి ఖర్చు పెట్టాము కదా, ఊళ్లో అందరూ చేస్తున్నదే కదా అని చెప్పి మరుసటి ఏడాది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అప్ప చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించుకున్నాను. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా సంతకం పెట్టింది. ఆ తరువాత క్రిస్మస్‌కు మా ఇంటికి రాలేదు. మూడెకరాల ఇరవై సెంట్ల ఆ పొలంలో పండిన ధాన్యంలో నుంచి ప్రతి ఏటా బస్తాలు లెక్కపెట్టి దశమభాగం ఇస్తూ వచ్చాను. ఒక ఏడాది మందిరానికి మైకు సెట్టు కూడా కొనిచ్చాను. పదేళ్లుగా నేను నమ్మకంగా ఇస్తున్నానని సంఘమూ అనుకుంది, నేనూ అనుకున్నాను. మామిడి చెట్టు కింద ఆరో పుట ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు వినబడిన గొర్రెల అరుపులు మా ధాన్యపు కొట్టులోవే. పుట మీద అప్ప పేరు ఒక్కటే రాయగలిగాను.

ఆ రాత్రి నిద్ర పట్టక సంఖ్యాకాండం ఇరవై ఏడో అధ్యాయం తీసి చదువుకున్నాను. తండ్రి చనిపోయాక సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుటికి వచ్చి, మా తండ్రికి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇవ్వండి అని అడుగుతారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పకుండా దేవుని దగ్గరికి తీసుకువెళ్తాడు. ఆ కుమార్తెలు చెప్పినది యుక్తమేనని దేవుడే అంటాడు. మా అప్ప అడగనైనా అడగలేదు.

రెండో రోజు పాఠాలలో కొన్ని బాగున్నాయి, కొన్ని మామూలుగా సాగాయి. అబ్రాహాము మీద చెప్పినదంతా మనకు తెలిసినదే. ఇద్దరు కుమారుల ఉపమానం, అంటే పోనని చెప్పి తరువాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్లినవాడు, పోతానని చెప్పి వెళ్లనివాడు ఉన్న మత్తయి ఇరవై ఒకటో అధ్యాయపు కథ, చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇచ్చారు. మా గుంపులో పొందూరు నుంచి వచ్చిన ఒక ఖద్దరు పనివారి ఇంటి అమ్మ ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకే పని గురించి ఆమె చెప్పింది. దవడ పట్టుకుని కూర్చుంటే తొందరపడడానికి వీలు లేదట. ప్రతి గింజ చుట్టూ ఉన్న దూదిని అదే తీరుగా, అదే ఓపికతో తీయాలి, అందులో ఒక్క గింజ గొప్పది, ఒక్క గింజ చిన్నది అని ఉండదు. దేవుడు తనకు పెద్ద ఆజ్ఞలేమీ ఇవ్వలేదని, అత్తగారికి సమయానికి మందు వేయడం, అప్పు తీసుకున్న డబ్బు చెప్పిన రోజున కట్టడం, ఇవే తనకు వినబడ్డాయని ఆమె అన్నప్పుడు గుంపంతా కాసేపు నిశ్శబ్దంగా ఉంది. నయమాను కథను మరుసటి గంటలో చెప్పారు గాని, ఆ అమ్మ మాట తరువాత నాకు అది వేరే ఉదాహరణ అవసరం లేని పాఠంలా తోచింది. కుష్ఠు నయం కావడానికి యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమంటే, సిరియా సేనాధిపతి అయిన ఆ నయమానుకు కోపం వచ్చింది. దమస్కు నదులైన అబానా, ఫర్పరు అంతకంటే మంచివి కావా అన్నాడు. గొప్ప కార్యం చేయమంటే చేసి ఉండేవాడు, స్నానం చేయమంటే అవమానంగా తోచింది.

ఆ సాయంత్రం మన ప్రాంత చరిత్ర మీద ఒక గంట ఉపన్యాసం ఉంది. ఉజ్జీవ సభలలో దొరకని సంగతి ఇది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సహాయంతో డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి తీసుకురావడానికి పూనుకున్నాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సెరంపూరులో అచ్చయినది 1812లో. చేసిన పని అచ్చులో చూడకుండానే డెస్ గ్రాంజెస్ వెళ్లిపోయాడు. రెండో సంగతి మా సంఘాలకు మరీ దగ్గరిది. కెనడా తూర్పు తీరపు బాప్తిస్టు సంఘాల నుంచి 1873లో బయలుదేరిన మిషనరీలు మన దగ్గరికి రావాలని బయలుదేరినవారు కారు. సయాం (నేటి థాయిలాండ్) దేశంలోని కరెన్ తెగ ప్రజల మధ్య పనిచేయాలని వెళ్లారు. ఆ దారి మూసుకుపోయాక 1875లో ఉత్తర తెలుగు ప్రాంతానికి మళ్లారు. బొబ్బిలి, శ్రీకాకుళం, భీమునిపట్నం వారి కేంద్రాలయ్యాయి. ఆసియాలో వాక్యం చెప్పకుండా ఆత్మ అడ్డగించినప్పుడు, బితూనియకు పోవడానికి కూడా వీలు కానప్పుడు, పౌలు త్రోయలో ఆగి మాసిదోనియ పిలుపు విన్న అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయంతో దీన్ని కలిపి చెప్పారు. మా తాతగారికి బాప్తిస్మం ఇచ్చిన సంఘం అలా మళ్లిన అడుగుల వల్ల వచ్చిందని తెలిసి నేను ఎంతో కదిలిపోయాను. ఈ ఒక్క గంట పాఠ్యపుస్తకంలో లేకపోవడం పెద్ద లోటు.

శుక్రవారం రాత్రి ప్రశ్నల సమయంలో ఒక చిన్నవయసు స్త్రీ లేచి, భర్త తాగి కొడుతుంటే లోబడి ఉండడమే విధేయత అని తమ సంఘంలో చెప్పారని, అది నిజమేనా అని అడిగింది. ఇటువంటి ప్రశ్నను దాటవేసే సభలను నేను చాలా చూశాను. అమ్మగారు దాటవేయలేదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో భార్యల ప్రస్తావనకు ముందు వచనమే ఒకరికొకరు లోబడి ఉండమని చెబుతున్నదని, క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించమన్న ఆజ్ఞను మీరినవాడి దెబ్బలు తినడం దేవునికి చూపే విధేయత కాదని స్పష్టంగా చెప్పారు. ముందు ప్రాణం కాపాడుకోవాలని, 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఉందని, 181 నంబరుకు ఫోన్ చేయవచ్చని చెప్పి, సభ అయ్యాక ఆమెతో విడిగా చాలాసేపు కూర్చున్నారు. శిబిరం మొత్తంలో నా గౌరవాన్ని అన్నిటికంటే ఎక్కువగా పొందిన ఘట్టం ఇదే.

అందుకే శనివారం ఉదయం జరిగినది నాకు మరింత బాధ కలిగించింది. బయట నుంచి పిలిపించిన ఒక బోధకుడు హెబ్రీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయం పదిహేడో వచనం చదివి, నాయకుల మాట వినడమే దేవుని మాట వినడమని, దైవసేవకుణ్ణి ప్రశ్నించేవాడు దేవుణ్ణి ప్రశ్నించినట్టేనని గంటన్నర సేపు గట్టిగా చెప్పారు. దశమభాగం ఇవ్వకుండా నష్టపోయినవారి కథలు కొన్ని చెప్పారు. అంతవరకు మౌనంలో ఉన్న తోటలో ఆ మైకు ధ్వని కూడా నాకు భరించరానిదిగా తోచింది. ఆయన చదివిన వచనంలోనే, నాయకులు ఆత్మల విషయమై లెక్క ఒప్పచెప్పవలసినవారని ఉంది. ఆ సగాన్ని ఆయన ఒక్కసారి కూడా వివరించలేదు. అక్కడ మూలంలో ఉన్నది ఒప్పింపబడి నమ్మి వినడమన్న భావమిచ్చే క్రియ. సంఘం మీద ప్రభువుల వలె ఉండవద్దని, మందకు మాదిరులుగా ఉండమని పేతురు పెద్దలకు రాశాడు. పౌలు చెప్పిన మాటలు కూడా అలాగే ఉన్నాయో లేదో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించిన బెరయ పట్టణపువారిని అపొస్తలుల కార్యాలు రాసిన లూకా ఘనులని మెచ్చుకున్నాడు.

ఆ గంటన్నరా నా మనసులో మెదిలింది మొదటి రాజుల గ్రంథం పదమూడో అధ్యాయం. మన సంఘాలలో ఈ కథ చాలా అరుదుగా వినబడుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలుకు వచ్చి అక్కడి రాజు యరొబాము కట్టించిన బలిపీఠానికి వ్యతిరేకంగా ప్రవచిస్తాడు. అక్కడ అన్నం తినవద్దు, నీళ్లు తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని దేవుడు అతనికి ఆజ్ఞ ఇచ్చి పంపాడు. రాజు ఇంటికి పిలిచి బహుమానం ఇస్తానన్నా అతడు లొంగలేదు. తరువాత ఆ ఊరి ముసలి ప్రవక్త ఒకడు వెంట వచ్చి, నేను కూడా నీవంటి ప్రవక్తనే, నిన్ను తీసుకురమ్మని దేవదూత నాతో చెప్పాడని అబద్ధమాడతాడు. రాజుకు లొంగనివాడు ప్రవక్తకు లొంగాడు, వెళ్లి తిన్నాడు. తిరుగు దారిలో సింహం అతణ్ణి చంపింది. దేవుడు తనతో నేరుగా చెప్పిన మాటను, దేవుని పేరు చెప్పి వచ్చిన మరొకరి మాట కోసం విడిచిపెట్టడం కూడా అవిధేయతే అని ఆ కథ నాకు చెబుతుంది. గురువారం నాడు వినడం నేర్పిన శిబిరం శనివారం నాడు ఎవరి మాట వినాలన్న ప్రశ్నను అంత తేలికగా ఒక మనిషి చేతికి ఇచ్చేయడం నేను అంగీకరించలేను. నేనే సంఘ పెద్దను; నా మాటను దేవుని మాటతో సమానంగా ఎవరూ వినకూడదనే కోరుకుంటాను. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమని అప్పకు చెప్పినవాడు కూడా సంఘ పెద్దే కదా. ఈ సంగతులన్నీ ముగింపు సమయంలో నిర్వాహకులకు చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. వారు నొచ్చుకోకుండా విన్నారు.

పాఠ్యపుస్తకం గురించి రెండు మాటలు. కాగితం మంచిది, ప్రశ్నలు ఆలోచింపజేసేవి. అక్షరాలు మాత్రం నా వయసువారికి చాలా చిన్నవి, మూడు చోట్ల వచనాల సంఖ్యలు తప్పు పడ్డాయి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన మీద ఉన్న నాలుగు పుటలు చాలా విలువైనవి. ఆ పేరుకు నూనె గానుగ అన్న అర్థం ఉందని, ఆ తోటలో యేసు ఒకే ప్రార్థనను మూడుసార్లు చేశాడని, కుమారుడై ఉండి కూడా శ్రమల వలన విధేయత నేర్చుకున్నాడని హెబ్రీయుల పత్రిక చెప్పినది అక్కడే కళ్లకు కడుతుందని రాశారు. ఒక్కసారి ప్రార్థించి లేవకపోవడం అవిశ్వాసం కాదన్న ధైర్యం నాకు ఆ పుటలలో దొరికింది. ఇంటికి వచ్చాక అది చాలా అవసరమైంది.

ఇంటికి వచ్చిన తరువాత తొమ్మిదో రోజున టెక్కలి వైపు ఉన్న అప్ప ఊరికి వెళ్లాను. బావ కుర్చీ వేసి లోపలికి వెళ్లిపోయారు. అప్ప గుమ్మంలోనే నిలబడి, "ఇన్నాళ్లకి గుర్తొచ్చానేట్రా?" అంది. నేను చెప్పవలసినది చెప్పాను. తప్పు చేశానని, చట్టప్రకారం సగం ఆమెదేనని, ఆ సగాన్ని సెటిల్‌మెంటు దస్తావేజు ద్వారా ఆమె పేరు మీద రాసిస్తానని చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు. టీ ఇచ్చింది. "కాయితాలు సెయ్యి, అప్పుడు మాటాడుదాం" అంది. మా అబ్బాయికి ఇది ఇష్టం లేదు. నా భార్య మొదట మౌనంగా ఉండి, తరువాత చేయవలసిందేనంది. దస్తావేజు లేఖరి ముసాయిదా రాసి ఇచ్చారు, సర్వేయరు కొలతలు పూర్తి కావాలి. పదేళ్ల పంటలో ఆమె వాటా సంగతి ఇంకా తేల్చుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని యేసుతో అన్న సుంకరి జక్కయ్య మాట చదివినప్పుడల్లా ఆ లెక్క నా ముందుకు వస్తోంది. ఈ పంట అమ్మిన డబ్బును ముట్టుకోకుండా వేరుగా పెట్టాను.

వెళ్లదలచినవారికి అవసరమైన వివరాలు ఇవి. విజయనగరం స్టేషన్ నుంచి షేర్ ఆటోలు దొరుకుతాయి, తోట గేటు దగ్గరే దింపుతారు. దుప్పటి, దోమతెర, సొంత బైబిలు, కళ్లద్దాలు తప్పక తీసుకువెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీ కావాలని ముందే చెబితే ఏర్పాటు చేస్తారు. ఇప్పుడే ఆప్తులను పోగొట్టుకున్నవారు, మనసు బాగా కలత చెంది ఉన్నవారు ఒంటరిగా వెళ్లవద్దని నా సలహా. రెండు గంటల మౌనం అటువంటివారికి బరువుగా ఉంటుంది. పాటలు, స్వస్థత ప్రార్థనలు, పెద్ద సభ ఉంటాయని ఆశించి వచ్చిన ఇద్దరు రెండో రోజునే వెళ్లిపోయారు. అటువంటివి అక్కడ లేవు. చేయవలసినది తెలిసి ఉండి ఏళ్లుగా వాయిదా వేస్తున్నవారికి మాత్రం 1,200 రూపాయలు ఎక్కువ కాదని గట్టిగా చెప్పగలను. ఆరో పుటను అక్కడే, ఆ నలభై నిమిషాలలోనే నింపండి; ఇంటికి వెళ్లి తీరికగా రాద్దామనుకున్న మా గుంపులోని ఒకరు ఇంతవరకు దాన్ని తెరవలేదని ఫోన్లో చెప్పారు.

వచ్చే ఏడాది శిబిరానికి నేను ఇప్పుడే పేరు ఇచ్చాను. గురువారం, శుక్రవారం ఉంటానని, శనివారం ఉదయపు ప్రసంగం అమ్మగారికి అప్పగిస్తే మూడో రోజు కూడా ఉంటానని దరఖాస్తులోనే రాసి ఇచ్చాను.